ముందు నెట్టు, చివర మాట

నేను టవర్ ఎక్కను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. నా ఉద్యోగం ఏమిటో తెలియగానే అందరూ మెడ పైకెత్తి, ఆ ఇనుప కమ్మీల చిట్టచివర నన్ను ఊహించుకుని, "అమ్మో, కళ్ళు తిరగవా?" అంటారు. పైకి ఎక్కేవాళ్ళు వేరే ఉన్నారు. నేను కింద, టవర్ కాళ్ళ దగ్గరుండే గదిలో పనిచేస్తాను. దాని కడుపు చూసుకునేదాన్ని నేను. కరెంటు ఉన్నంతసేపూ టవర్‌కి నా మొహం గుర్తురాదు. కరెంటు పోయిన క్షణం నుంచి అది నా బ్యాటరీల మీద బతుకుతుంది. మీరు చీకట్లో కూర్చుని, ఫోన్లో ఎవరితోనో "ఈ కరెంటెప్పుడు తగలడుతుందో" అని విసుక్కుంటున్నారంటే, ఆ విసుగును అవతలివాళ్ళకి మోసుకెళ్తున్నవి నా గదిలో బీరువాల్లా నిలబడ్డ బ్యాటరీలే. ఇంతవరకు ఒక్కరు కూడా వాటిని తలుచుకున్న పాపాన పోలేదు. నెట్ పోయినప్పుడు మాత్రం అడ్రసు కనుక్కుని మరీ వస్తారు.

నాకు ముక్కు మీద కోపం. అందరికీ తెలిసిన విషయమే గానీ, దాన్ని ఖాయం చేసింది మా చెల్లి. మా చెల్లికి పుట్టుకతోనే వినబడదు. చేతులతో మాట్లాడుకునేవాళ్ళు మనిషి పేరును ఒక్కో అక్షరం చొప్పున చెప్పుకుంటూ కూర్చోరు, తలా ఒక గుర్తు తగిలించేస్తారు. నాకు తగిలించింది, చూపుడువేలితో ముక్కు కొనను తట్టడం. అమ్మకి గరిటె తిప్పడం. చెల్లి మొగుడికి, అంటే మా మరిదికి, తల దువ్వుకోవడం. అతనికీ వినబడదు. వేరే ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్సులో పని. అద్దం కనబడితే చాలు, బస్సు పోయినా సరే ఆగిపోతాడు.

మా ఇంట్లో చేతుల భాష సరిగ్గా వచ్చింది నాకొక్కదానికే. చిన్నప్పుడు ఇద్దరం కలిసి కొంత సొంతంగా కల్పించుకున్నాం. తర్వాత చెల్లి బడిలో అసలుది నేర్చుకొచ్చి నాకు నేర్పింది, తప్పు చేస్తే వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. అమ్మ మాత్రం నేర్చుకోలేదు. అమ్మకి వచ్చినవి మూడే మాటలు: తిను, పడుకో, వద్దు. వాటితోనే కూతుర్ని ఇంతదాన్ని చేసింది. మిగిలినదంతా గొంతు చించుకుని చెబుతుంది. "వినబడని పిల్ల మీద అరుస్తావేంటమ్మా?" అంటే, "అరిస్తే మొహంలో కనబడుతుందే" అంటుంది. అదీ నిజమే అనుకోండి.

అలాంటి చెల్లికి నెలలు నిండాయి. కాన్పుల గదిలో నేను పక్కన ఉండాలని ఎప్పుడో ఒప్పందం అయిపోయింది. డాక్టర్ చెప్పేది నేను చేతులతో దానికి చెప్పాలి, అది చెప్పేది నోటితో డాక్టర్‌కి చెప్పాలి. ఆ గదిలో అందరూ మాస్కులు కట్టుకుంటారు కాబట్టి పెదాలు చూసి పోల్చుకోవడానికి కూడా ఉండదు. "కాగితం మీద రాసి చూపించొచ్చు కదమ్మా?" అన్నాడు మా సూపర్‌వైజర్, నేను సెలవు అడగడానికి వెళ్ళినప్పుడు.

"నొప్పులు పడే మనిషి చదువుకుంటూ కూర్చుంటుందా సార్?"

ఆయన తల గోక్కున్నాడు. "నిజమే. మా ఆవిడైతే కాగితంతో పాటు నన్నూ చింపేసేది." సెలవు ఇచ్చాడు. డాక్టర్ చెప్పిన తారీఖుకి ఇచ్చాడు. ఆ తారీఖు సంగతి లోపల ఉన్న బిడ్డకి ఎవరూ చెప్పలేదు.

ఈలోగా గాలివాన వచ్చింది. రాత్రంతా కొట్టి, ఊరి కరెంటు స్తంభాలన్నీ వంచి, తెల్లవారేసరికి తనకేం తెలియనట్టు ఊరుకుంది. నేను పొద్దున్నే స్కూటరేసుకుని టవర్ దగ్గరికి వచ్చాను. నేను వంతెన దాటిన కాసేపటికి దాని మీద నుంచి నీళ్ళు పారడం మొదలైంది. పోలీసులు అటూ ఇటూ తాళ్ళు కట్టేశారు. ఇల్లు, ఆస్పత్రి, అమ్మ, చెల్లి వంతెనకి అవతల. నేను, నా బ్యాటరీలు ఇవతల.

ఇక్కడ బ్యాటరీల సంగతి కొంచెం చెప్పాలి. పాఠం చెప్పను, భయపడకండి. మొన్నమొన్ననే మా టవర్‌కి పాత సీసం బ్యాటరీలు తీసేసి కొత్త లిథియం బ్యాటరీలు పెట్టారు. ఇవి ఉన్నాయి కదా అన్న ధీమాతో, పాత జనరేటర్ని కూడా పట్టుకుపోయారు. పాత బ్యాటరీలు ముసలాళ్ళలాంటివి. కాస్త నీరసం రాగానే మూలుగు మొదలుపెడతాయి, మీటర్లో అంకె మెల్లమెల్లగా దిగుతూ ఉంటుంది, ఎంత మిగిలిందో చూడగానే తెలుస్తుంది. కొత్తవి అలా కాదు. చివరిదాకా నవ్వుతూ తిరిగి, ఉన్నట్టుండి దబ్బున పడిపోయే రకం.

కంపెనీ రూలు ఏమిటంటే, బ్యాటరీ తగ్గుతున్నప్పుడు ముందు నెట్టు ఆపాలి, మాట చివరిదాకా నిలపాలి. నెట్టు తిండిపోతు, బ్యాటరీలో ఉన్నదంతా అదే మింగేస్తుంది. మామూలు ఫోన్ మాటలకి కొంచెం చాలు. మీటర్లో అంకె ఫలానా చోటికి దిగగానే నెట్టు దానంతట అదే ఆగిపోయేలా సెట్టింగు ఉంటుంది. ఆ ఫలానా చోటు పాత బ్యాటరీలకి పెట్టింది. కొత్తవి బిగించినవాళ్ళు దాన్ని మార్చడం మర్చిపోయారు. నేను చెప్పాను. "మా మనిషి కంప్యూటర్ పట్టుకుని వచ్చి మారుస్తాడు" అన్నారు. మనిషి కంటే గాలివాన ముందొచ్చింది. ఇప్పుడు ఆ మీటర్ని నమ్ముకుని కూర్చుంటే, నెట్టు ఆగేసరికి మాటకి కూడా చుక్క మిగలదు, రెండూ కలిసే పోతాయి. అందుకని కరెంటు పోయి ఎంతసేపైందో చూసుకుని, లెక్క కట్టుకుని, సమయానికి నేనే చేత్తో స్విచ్చు దించాలి.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, దీనికి నొప్పులొచ్చేశాయే! ఆటోలో ఆస్పత్రికి తీసుకొచ్చాను. ఎక్కడ చచ్చావ్?"

"టవర్ దగ్గరున్నానమ్మా."

"వచ్చెయ్!"

"వంతెన మీద నీళ్ళు పారుతున్నాయి, ఎవర్నీ వదలట్లేదు."

"మరి నేనేం చెయ్యనే? డాక్టరమ్మ ఏదో అడుగుతోంది. ఇదేమో నా మొహం చూస్తోంది. నేనేమో గోడ మొహం చూస్తున్నాను!"

"ముందు అరవడం ఆపి, వీడియో పెట్టు."

వీడియోలో మొదట పైకప్పు కనబడింది, తర్వాత అమ్మ గడ్డం, ఆ తర్వాత మొత్తానికి చెల్లి కనబడింది. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. నన్ను చూడగానే ముక్కు తట్టి, "ఎక్కడ చచ్చావ్?" అంది. అమ్మ మాటే, చేతులు మాత్రం దానివి. ఒక పొడుగాటి నర్సు ఫోన్‌ని సెలైన్ స్టాండుకి దూదిపట్టీతో కట్టేసింది. ఆ మనిషి మీద నాకు అక్కడే గౌరవం పుట్టింది.

కాసేపు బాగానే నడిచింది. నొప్పులు ఎప్పట్నుంచి అని డాక్టర్ అడిగింది, నేను అడిగాను. "రాత్రి నుంచే. గాలివానలో అమ్మని లేపడమెందుకని చెప్పలేదు," అంది చెల్లి. అది నోటితో డాక్టర్‌కి చెప్పాను, పక్కనే ఉన్న అమ్మ విన్నది, ఇక మొదలుపెట్టింది.

"అమ్మ తిడుతోంది," అన్నాను చేతులతో.

"తెలుసు. మొహంలో కనబడుతోంది."

మధ్యలో సూపర్‌వైజర్ ఫోన్ వచ్చింది. జనరేటర్ బండి బయల్దేరిందట గానీ, దారికి అడ్డంగా చెట్టు పడిపోయిందట, రంపాలతో కోస్తున్నారట, ఎప్పటికొస్తుందో చెప్పలేనన్నాడు. "పక్క కంపెనీ టవర్ పొద్దున్నే పడుకుంది. ఊళ్ళో ఇప్పుడు నిలబడి ఉన్నది నీ టవర్ ఒక్కటే. అంబులెన్సులు, కరెంటువాళ్ళు, వంతెన దగ్గర పోలీసులు, అందరూ దీని మీదే ఉన్నారు. మీటర్ ఎలా ఉంది?"

"నవ్వుతోంది సార్."

"దాని నవ్వుని నమ్మకు. నెట్టు ఆపెయ్యమ్మా."

"అలాగే సార్," అన్నాను. ఆపలేదు.

ఆపాలని నాకు తెలుసు. నా లెక్క ప్రకారం అప్పటికే ఆలస్యం. అయినా మీటర్ బాగున్నట్టే చూపిస్తోంది కదా, ఇంకాస్త లాగిస్తే నన్ను పట్టుకునేవాడెవడు? కోపం తన్నుకొచ్చింది. అడ్డంగా పడ్డ చెట్టు మీద, తారీఖు పాటించని బిడ్డ మీద, అన్నిటికన్నా ఆ రూలు మీద. ముందు నెట్టు, చివర మాట! అది రాసినవాడికి చెవులు పనిచేస్తాయి, అందుకే మాటంటే చెవిలో పడేదే అనుకున్నాడు. మా చెల్లికి నెట్టే మాట. వాడి రూలు ప్రకారం అందరికన్నా ముందు నోరు మూతబడేది దానిదే. రోజూ ఈ రూలు పాటిస్తూ, ఇది చెల్లి నోరు మూసే రూలని నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు.

"ఏమైంది? ముక్కు ఎర్రబడింది," అంది చెల్లి.

"ఏం లేదు."

"అబద్ధాలు చేతులతో చెప్పడం నీకు రాదు. చెప్పు."

చెప్పాను. బ్యాటరీ అయిపోవస్తోంది, నెట్టు ఆపాలి, ఆపితే నేను కనబడను. ఈలోగా నొప్పి వచ్చింది. మంచం కమ్మీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను చేతులు ఎంత ఊపినా అప్పుడు దానికి కనబడదు.

"ఆపకపోతే?" అంది కళ్ళు తెరవగానే.

"ఇంకాసేపటికి అందరికీ అన్నీ పోతాయి."

చెల్లి పక్కకి చూసింది. పక్క మంచం మీద ఒకావిడ ఫోన్ చెవికి నొక్కి పెట్టుకుని ఏడుస్తూ మాట్లాడుతోంది. ఆమె భర్త కూడా వంతెనకి ఇవతలే చిక్కుకుపోయాడని నర్సు చెప్పింది, నేను చెల్లికి చెప్పాను. చెల్లి కాసేపు ఆమెనే చూసింది.

"ఆపెయ్," అంది. "కానీ ఇప్పుడే కాదు. ముందు వీళ్ళకి నాలుగు మాటలు నేర్పి పో."

జీవితంలో అంత కంగారు పాఠం నేను చెప్పలేదు. "సిస్టర్, ఇలా చూడండి. అమ్మా, నువ్వు కూడా!" అన్నాను. రెండు అరచేతులూ కిందికి నెడితే, తొయ్యి. అరచెయ్యి అడ్డం పెడితే, ఆపు. ఛాతీ మీద చెయ్యి వేసి ముందుకు తెస్తే, ఊపిరి వదులు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెస్తే, ఇంక కొంచెమే. పొడుగు నర్సు ఒక్కసారి చూసి పట్టేసింది. మా అమ్మ "తొయ్యి" అనబోయి, కంగారులో "పడుకో" అంది.

"పడుకునే ఉన్నానుగా," అంది చెల్లి, నొప్పుల్లో కూడా నవ్వు ఆపుకోలేక. డాక్టర్ ఎందుకు నవ్వుతున్నారని అడిగింది, నేను చెప్పాను, ఆవిడ మాస్కు కూడా కదిలింది.

అమ్మ నవ్వలేదు. రెండోసారి సరిగ్గా చేసింది. మూడోసారి ఇంకా బాగా చేసింది. తన చేతులను తనే ఆశ్చర్యంగా చూసుకుని, "ఇంత తేలికా? ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అంది.

"ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నానమ్మా."

అమ్మ ఫోన్‌కి దగ్గరగా వచ్చి, అరవకుండా, చిన్న గొంతుతో అడిగింది. "నొప్పిగా ఉందా అని ఎలా అడగాలే?"

చూపించాను. అమ్మ చెల్లి వైపు తిరిగి, చేతులతో అడిగింది. చెల్లి నవ్వు ఆగిపోయింది. అమ్మ వైపే చూస్తూ జవాబు చెప్పింది, కాస్త పొడుగ్గానే చెప్పింది. నేను అనువదించబోయాను.

"ఆగు," అంది అమ్మ. "నాకు అర్థమైంది."

అక్కడ మళ్ళీ నొప్పి మొదలైంది, ఇక్కడ నా లెక్క ఎప్పుడో దాటిపోయింది. కళ్ళు తెరవగానే చెల్లి నన్ను చూసి, ముక్కు తట్టి, "పో, నీ పని చూసుకో," అంది. స్విచ్చు దించాను. దాని చెయ్యి గాల్లో ఉండగానే బొమ్మ నిలిచిపోయి, కాసేపటికి అదీ పోయింది.

ఇంక చూడాలి. టవర్ గేటు ముందు పెళ్ళివారు దిగినట్టు జనం దిగారు. జిరాక్స్ షాపాయన అందరికన్నా ముందున్నాడు. వెనక ఫోన్‌లో పాఠాలు చెప్పే లెక్కల మాస్టారు, కొత్తగా పెళ్ళి కుదిరిన ఒక కుర్రాడు, ఊరికే వచ్చిన ఇంకొందరు.

"మేడమ్, నెట్టేదండీ? కస్టమర్లు నన్ను పీక్కుతింటున్నారు!"

"మాట ఉంది. ఫోన్ చేసి మాట్లాడుకోండి."

"నేను చేశానండీ," అన్నాడు పెళ్ళి కుదిరిన కుర్రాడు. "ఫోన్ మోగేసరికి వాళ్ళింట్లో అందరూ కంగారుపడిపోయారు, ఎవరికేమైందో అని. మెసేజీలే గానీ నేనెప్పుడూ ఫోన్ చెయ్యలేదు కదండీ."

"మరి చేశాక?"

"ఏం మాట్లాడాలో తెలీక పెట్టేశాను."

ఇంకో రోజైతే గట్టిగా నవ్వేదాన్ని. ఆ రోజు వాళ్ళందరి మీదా విరుచుకుపడ్డాను. వంతెన దగ్గరున్నవాళ్ళకి ఫోన్ కలవాలా, మీకు సినిమా కావాలా అని కడిగేశాను. మాస్టారు పాపం, సినిమా కాదమ్మా, త్రికోణమితి అన్నాడు. ఆయన్ని కూడా కడిగేశాను. నిజానికి వాళ్ళ మీద కాదు కోపం. అమ్మకి ఫోన్ చేస్తుంటే తియ్యడం లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ తియ్యలేదు. అమ్మకిప్పుడు రెండు చేతులూ కావాలి కదా, ఫోన్ ఎక్కడో పడేసి ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటే ధైర్యం వస్తుందంటారు గానీ, రాలేదు. బిడ్డ అడ్డం తిరిగితే? డాక్టర్ ఏదో అడిగి, దానికి అర్థం కాక, ఆ నాలుగు మాటల్లో లేనిదేదో దానికి కావలసి వస్తే? గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా మొహం చూసి జనమే మెల్లగా గోల తగ్గించారు.

అప్పుడు ఫోన్ మోగింది. చెల్లి నంబరు.

వీడియో కాదు, మామూలు ఫోన్. చెల్లి నాకు మామూలు ఫోన్ చెయ్యడం నా జన్మలో లేదు. దానికి ఆ పచ్చ బొత్తాంతో పనేముంది? చెవి దగ్గర పెట్టుకున్నాను. గరగర, ఏదో గిన్నె పడ్డ చప్పుడు, ఎవరిదో మాట. "హలో! హలో, ఎవరు?" అని అరిచాను. జవాబు లేదు. ఇంతలో మొదలైంది ఏడుపు. సన్నగా కాదు, మెల్లగా కాదు, ఇంటి మీదికి ఎవరో దెబ్బలాటకి వచ్చినట్టు.

"ష్!" అన్నాను జనం వైపు. అందరూ నోళ్ళు మూసుకున్నారు.

ఏడుపు ఆగడం లేదు, ఫోన్‌లో ఇంకెవరూ మాట్లాడటం లేదు. అప్పుడు అర్థమైంది నాకు. అమ్మ చేసిన ఫోన్ కాదది, నర్సు చేసిందీ కాదు. చెల్లి తన చేత్తో తనే నంబరు నొక్కి, ఫోన్‌ని బిడ్డ మొహం దగ్గర పట్టుకుంది. దానికి అక్కడ ఏమీ వినబడటం లేదు. నేను వింటున్నానో లేదో కూడా దానికి తెలియదు. నాకు వినిపించాలని అలా పట్టుకుని ఉంది, అంతే. "వింటున్నానే, వింటున్నాను," అన్నాను. అని, నోటితో అంటే లాభమేమిటని చెయ్యెత్తి గాల్లో అన్నాను. ఆ చెయ్యి కూడా దానికి కనబడదు. గేటు అవతల జనమంతా నన్నే చూస్తున్నారు. చూడనీ.

"ఏమైందండీ?" అన్నాడు జిరాక్స్ షాపాయన, ఫోన్ ఆగిపోయాక.

"మా చెల్లి కనింది."

"అబ్బాయా, అమ్మాయా?"

"ఏమో. చెప్పలేదు," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. ఆయనకేం అర్థమైందో గానీ, కస్టమర్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి జనరేటర్ బండి వచ్చింది, సూపర్‌వైజర్ దాని ముందు సీట్లోంచి దిగాడు. "ఎంత మిగిల్చావమ్మా?" అని లోపలికి వెళ్ళి చూసి, పెదవి విరిచి, "బాగా లాగావు," అన్నాడు. సంగతంతా చెప్పాను. ఆయన జనరేటర్ మనిషిని పట్టుకుని "త్వరగా కానివ్వవయ్యా, నెట్టు ఇవ్వాలి," అని ఎగిరాడు.

నెట్టు రాగానే వీడియో చేశాను. ఈసారి పైకప్పు కనబడలేదు, తిన్నగా చెల్లే కనబడింది. మొహం వాడిపోయి ఉంది, కళ్ళు మాత్రం పొద్దుటికన్నా పెద్దవైనట్టున్నాయి. ఒడిలో గుడ్డల మూట ఏడుస్తోంది. అమ్మ వెనకనుంచి చేతులతో "ఆడపిల్ల" అని చెప్పింది. తప్పుగానే చెప్పింది గానీ, అర్థమైంది.

చెల్లి బిడ్డను చూపించలేదు. కబురు అంది బయల్దేరిన మొగుడు ఎక్కడిదాకా వచ్చాడని అడగలేదు. "విన్నావా?" అంది.

"విన్నాను."

"ఎలా ఉంది?"

చేతులు ఎత్తాను గానీ ఏం చెప్పాలో తోచలేదు. పెద్దగా ఉంది అనాలా, పదునుగా ఉంది అనాలా? దానికి అవన్నీ దేనితో పోల్చి చెప్పేది? బిడ్డ మళ్ళీ గుక్కపట్టింది. ఆ గుక్క తిరిగే చోట, ఆ చివర విరుపులో, నాకు చిన్నప్పట్నుంచి తెలిసిన గొంతు వినబడింది. బొమ్మ లాక్కుంటే, జడ లాగితే, నిద్రలో ఉలిక్కిపడితే చెల్లి నోట్లోంచి వచ్చే గొంతు.

"అచ్చం నీ గొంతే," అన్నాను.

తన గొంతు ఎలా ఉంటుందని చెల్లి నన్ను ఎప్పుడూ అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు.

"బాగుంటుందా?" అంది, వేళ్ళు చిన్నగా కదిలిస్తూ.

"చాలా బాగుంటుంది."

అది తలొంచుకుని బిడ్డ నోటి వైపు కాసేపు చూసింది. వెనకనుంచి అమ్మ వంగి, ఊరుకో ఊరుకో అంటూ బిడ్డను జోకొట్టబోయింది. చెల్లి ఆ చెయ్యిని పక్కకి తోసేసింది.

"ఏడవనీ," అంది.